పాత నావ మీది చీటీలు



నేడు నేను మాటలాడబూనిన విషయము చాల చిన్నది. పాత నావ ప్రక్కలపై అంటించియుండిన స్టిక్కర్లను, అవి ఊడిన పిదప మిగిలియుండు బంకను, నావకు హాని కలుగకుండ తీయుట ఎట్లు అనునదియే ఆ విషయము. జవహర్‌నగర్‌వానికి సముద్రమెక్కడ, నావ యెక్కడ అని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మాకు సముద్రము లేదు గాని చెఱువులు కలవు. సికింద్రాబాదునకు ఉత్తరముగా, కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి ప్రక్కన శామీర్‌పేట పెద్దచెఱువు కలదు. మా జవహర్‌నగర్ ఒకప్పుడు ఆ శామీర్‌పేట మండలములోనిదే. ఈ ప్రాంతపు చెఱువులలో గంగపుత్రులును ముదిరాజులును తరతరములుగా చేపలు పట్టి జీవించుచున్నారు.

మన పెద్దలు ఎఱిగిన నావలు వేఱు. కృష్ణా తుంగభద్రలమీద వెదురుబద్దలతో అల్లిన పుట్టి తిరుగుచుండెను. దాని అడుగునకు పూర్వము తోలు కప్పెడివారు, తరువాత తారు పూసిరి. చెఱువులలో దుంగల తెప్పలు ఉండెను. ఇటీవలి కాలమున థర్మకోల్ దిమ్మెలను కట్టి వాటిమీద కూర్చుండి వల వేయువారు మిక్కిలిగా కనబడుచున్నారు. వీటిలో దేనికిని స్టిక్కరు అంటించు పని లేదు, తీయు పనియు లేదు. ఫైబరు నావ వచ్చినది మొదలు ఈ చిక్కు వచ్చినది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన పిదప కోస్తా తీరమున బెస్తవారికి ఫైబరు నావలు అనేకములు దానముగా ముట్టినవి. ఇచ్చినవారి గుఱుతులును నావలతోనే వచ్చినవి. నావ చేతులు మాఱును, గుఱుతు మాత్రము మాఱదు. కొన్నవాడు దానిని గోకుటకు మొదలుపెట్టును. చెడుపు అచ్చటనే ఆరంభమగును.

నాకు ఈ పనితో పరిచయమెట్లు కలిగినదో చెప్పవలెను. ఉద్యోగకాలమున కొన్నియేండ్లు నావల మరమ్మతు జరుగు ఒకచోట పనిచేసితిని. చేరిన క్రొత్తలో ఒక నావ మీది పెద్ద అక్షరములను తీయుమని నాకు అప్పగించిరి. నేను తొందరపడి ఇనుప బ్లేడు తీసికొని ఒక గంటలో అంతయు గీకివైచితిని. అక్షరములు పోయినవి. వాటి స్థానమున వెండ్రుకవంటి గీతలు వందలకొలది ఏర్పడినవి. తుడిచి రంగు పూసినచో కనబడవని తలచితిని. మఱుసటి వానకాలము గడచినప్పటికి ఆ గీతల వెంబడి బొబ్బలు లేచెను. ఆ నావను ఒడ్డునకు లాగి, చెడిన భాగమును అఱగదీసి, ఎండబెట్టి, మఱల పొరలు వేయవలసివచ్చెను. నావ యజమానికి ఆ వేటకాలము పోయినది. నా ఒక గంట తొందరకు అతడు చెల్లించిన వెల అది. నేటి నా మాటలన్నియు ఆ తప్పునుండి నేర్చినవే.

ఫైబరు నావ యనగా ఏమో ముందుగా తెలిసికొందము. గాజును నూలుగా తీసి, ఆ నూలు పఱపులను పాలియెస్టరు రెసిను అను జిగట రసముతో తడిపి, అచ్చులో పొరమీద పొర వేసి గట్టిపఱచిన డొప్పయే అది. దాని వెలుపలి నున్నని రంగుపొరను జెల్‌కోటు అందురు. దాని మందము సాధారణముగా సగము మిల్లీమీటరు మాత్రమే. మనము వ్రాసికొను కాగితములు అయిదు పేర్చినచో ఎంతయుండునో అంత. లోపలి గాజుపోగులను నీటినుండి కాచునది ఆ అయిదు కాగితముల పొరయే. దానిని గీచితిమా, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు గాజుపోగులు నీటిని పీల్చుకొనును. ఈ సంగతి మనస్సున ఉంచుకొన్నవాడు ఇనుప పనిముట్టు చేతబట్టడు.

ఇక స్టిక్కరు సంగతి. అది వినైలు అను ప్లాస్టికు పొర. దానిని మెత్తగా ఉంచుటకు నూనెవంటి ద్రవ్యములు అందు కలుపుదురు. ఏండ్లతరబడి ఎండ తగులగా ఆ ద్రవ్యములు వెలికిపోయి పొర పెళుసగును. వెనుకనున్న బంకయు బిగిసికొనిపోవును. అందుచేతనే క్రొత్త స్టిక్కరు ఒక్కపట్టున ఊడివచ్చును, పదియేండ్ల స్టిక్కరు గోటికి అందినంత మేర మాత్రమే తునుగును. పెళుసైన పొరను మఱల మెత్తబఱచుటయే ఈ పని రహస్యము. దానికి వేడి కావలెను, ఓపిక కావలెను.

గడచిన వేసవిలో చెఱువు మీద బ్రతుకు ఒక పెద్దమనిషి తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. వారు నలుగురు కలిసి ఒక పాత ఫైబరు నావను కొనిరట. అది మునుపు ఎక్కడనో విహారమునకు వచ్చినవారిని త్రిప్పిన నావ. రెండు ప్రక్కల పెద్ద బొమ్మలు, పాత యజమాని వ్యాపారనామము, వెనుక కొన్ని అంకెలు, లోపల ఒక చిన్న చీటీ ఉన్నవి.

"సారూ, మీకు పడవల పని ఎర్కనట గదా. ఈ కాయితాలన్నీ చాకు పెట్టి గీకేద్దామని మా పోరడు అంటుండు. జర వచ్చి చూస్తరా?" అని ఆయన అడిగెను.

"చాకు ముట్టనీయకన్నా. ముందుగాల పడవను చూద్దాం పా" అని నేను వెంట వెళ్ళితిని.

నావను చూడగానే నేను మొదట చెప్పినది ఎట్లు తీయవలెనను మాట కాదు. ఏది తీయకూడదను మాట. పెద్దలారా, ఈ భాగమును మీరు శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాను. నావ మీది అక్షరములన్నియు అలంకారములు కావు. నిర్మించినవాడు బిగించిన రేకుఫలకమును తీయకూడదు. నావ యెప్పుడు పుట్టినదో, ఎచ్చట పుట్టినదో అది చెప్పును. నమోదు సంఖ్యను తీయకూడదు. యంత్రముతో నడచు లోనీటి నావలను నమోదు చేయవలెనని 2021 నాటి దేశీయ జలనావల చట్టము విధించినది. సముద్రతీరమున ఈ కట్టుబాటు ఇంకను గట్టిది. 2008 నవంబరులో బొంబాయి నగరముపై దాడిచేసినవారు సముద్రమార్గమున, చేపలుపట్టు నావను చేజిక్కించుకొని వచ్చిరి. నాటినుండి వేటనావల సంఖ్యలను, రంగులను ప్రభుత్వమువారు నిశితముగా చూచుచున్నారు. కాబట్టి నావను కొన్నవాడు ముందు కాగితములు మార్చుకొని, పిదప అక్షరములు మార్చవలెను. సంఖ్య చెఱిపిన నావ తెచ్చుకొన్నవానికి దొంగసొత్తు తెచ్చుకొన్న చిక్కులన్నియు కలుగును.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, లోపలనున్న చిన్న చీటీ. ఆ నావలో ఆఱుగురికన్న ఎక్కువమంది ఎక్కరాదని దానిమీద వ్రాసియుండెను. ఆ కుఱ్ఱవాడు అన్నిటికన్న ముందు తీయదలచినది దానినే. ఆదివారములలో నగరమునుండి వచ్చువారు నావ యెక్కించుమని అడుగుదురట. బతుకమ్మనాడును, వినాయక నిమజ్జనము నాడును అడిగెడివారు మఱింత ఎక్కువ. చీటీ కనబడినచో పదిమందిని ఎక్కించుకొనుటకు అడ్డు.

"గది తీసేస్తే ఎవ్వలడుగుతరు పెదనాయినా?" అనెను.

"కాయితం ఉన్నా, తీసినా, గీ పడవ మోసేది ఆరుగురినే బిడ్డా" అంటిని.

అతడు ఊరకుండెను. తండ్రి మాత్రము కుమారుని ముఖమువంక చూచెను. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహారనావ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిన వార్తను ఆయన మఱవలేదు. మనలోను ఎవ్వరును మఱవకూడదు. ఇంగ్లాండులో సామ్యూలు ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుడు ఓడలపై మితిమీఱిన బరువు వేయుటను మాన్పుటకై ఏండ్లతరబడి పోరాడెను. 1876లో చట్టము వచ్చి, బరువు హద్దు తెలుపు గీత ఓడ ప్రక్కన గీయుట విధి అయ్యెను. ఆ గీతకు నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. చెఱువులోని చిన్న నావకు ఆ చీటీయే ఆ గీత. దానిని తీయువాడు కాగితమును తీయుట లేదు, హద్దును తీయుచున్నాడు.

తీయదగినవి ఏవో తేల్చుకొన్న తరువాత పనిలోనికి దిగితిమి. మొదట నావను సబ్బునీటితో బాగుగ కడుగవలెను. ఇసుక రేణువులు మిగిలియున్నచో రుద్దినప్పుడెల్ల అవియే గీతలు పెట్టును. పిదప వేడి. నగరములో తల ఆరబెట్టుకొను యంత్రముతో వేడిగాలి పట్టుదురు. మనకు ఏప్రిల్ నెల ఎండ చాలును. మధ్యాహ్నమున ఒక ప్రక్కను ఎండకు త్రిప్పియుంచినచో ముదురురంగు స్టిక్కరు తానే వేడెక్కును. నీడపట్టున పని చేయవలసినచో వేడినీటిలో ముంచిన గుడ్డను మడిచి అయిదాఱు నిమిషములు ఆన్చియుంచవలెను. చేతి వెనుకభాగము ఆన్చి ఓర్చుకొనగల వేడి చాలును. అంతకు మించిన వేడి జెల్‌కోటును మెత్తబఱచి చెఱచును. మంట చూపుట, బ్లోలాంపు పట్టుట ఎన్నటికిని కూడదు.

మెత్తబడిన స్టిక్కరు అంచును వెదురుబద్దతో లేపవలెను. బద్దను ఒక కొనకు పలుచగా చెక్కి, ఉప్పుకాగితముతో నునుపు చేసికొన్నచో దానికి మించిన పనిముట్టు లేదు. పాతబడిన ప్లాస్టికు కార్డు అయినను సరియే. లేచిన అంచును నిటారుగా పైకి గుంజకూడదు. దానిని వెనుకకు మడిచి, నావ ప్రక్కను ఆనుకొనియుండునట్లుగా, మెల్లమెల్లగా లాగవలెను. అట్లు లాగినచో బంకలో చాలభాగము పొరతోనే వచ్చును. తొందరపడి గుంజినచో పొర చేతికి వచ్చును, బంక నావకు మిగులును. మధ్యలో తెగినచో మఱల వేడిచేసి మఱియొక అంచునుండి మొదలుపెట్టవలెను. మోటారుబండ్లకు రంగువేయు పనివారు ఇందుకై ఒక రబ్బరు చక్రమును డ్రిల్లు యంత్రమునకు బిగించి వాడుదురు. అది దొరికినచో మంచిదే, గాని నెమ్మదిగా త్రిప్పవలెను, ఒకేచోట నిలుపరాదు. నిలిపినచో ఆ రాపిడి వేడికే పొర మాడును.

ఇక మిగిలిన బంక. దీనికి ఒక నియమము చెప్పెదను: మెత్తనిదానితో ఆరంభించి, అది పనిచేయనప్పుడు మాత్రమే కఠినమైనదానికి పోవలెను. మొదట కొబ్బరినూనెగాని వేరుసెనగ నూనెగాని పూసి ఒక గంట విడువవలెను. బంక నూనెను పీల్చి ఉబ్బును. అప్పుడు వెదురుబద్దతో త్రోసినచో ముద్దలుగా వచ్చును. ఆ నావమీద సగము బంక ఈ ఉపాయముతోనే పోయినది. పోనిదానికి కిరసనాయిలుగాని రంగువారు వాడు టర్పెంటైనుగాని గుడ్డకు కొద్దిగా అంటించి రుద్దవలెను. తరువాత సబ్బునీటితో జిడ్డు కడిగి, చివర ఆల్కహాలుతో తుడువవలెను. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమందఱము చేతులకు పూసికొనిన శానిటైజరులోని ముఖ్యద్రవ్యము ఇదియే. గుజ్జుగా ఉండునది కాక, నీళ్ళవలె ఉండునది కావలెను.

అసిటోను, థిన్నరు అనునవి కడపటి ఆయుధములు. జెల్‌కోటు మీద ఒక క్షణము తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తినచో హాని లేదు. అదే రంగు పూసిన నావయైనచో రంగును కరగించి లాగివేయును. నావకు ఉన్నది రంగా, జెల్‌కోటా అని ఎట్లు తెలియును? కడిగి ఆరబెట్టిన తరువాత కనబడని మూల ఒకచోట థిన్నరు గుడ్డతో రుద్ది చూడవలెను. గుడ్డకు రంగు జిగటగా అంటినచో అది పైపూత, థిన్నరు వాడరాదు. థర్మకోల్ తెప్పలున్న చోటికి అసిటోనును, పెట్రోలును తేనేకూడదు. ఉప్పు నీట కరగినట్లు థర్మకోల్ వాటిలో కరగిపోవును. కొన్ని ఫైబరు నావలలో తేలుటకై లోపల ఇటువంటి నురుగు దిమ్మెలే దాచియుందురు. పగులులోనుండి అసిటోను దిగినచో పైకి ఏమియు కనబడదు గాని నావ తేలు శక్తి లోలోపల తగ్గును.

పెట్రోలుతో బంక తుడుచు అలవాటు మన మెకానికులలో కలదు. దానిని నేను గట్టిగా నిషేధించుచున్నాను. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. అది నావ అడుగున గుంటలో నీళ్ళు నిలిచినట్లు నిలుచును. ఒక బీడీ నిప్పు చాలును. ఏ ద్రవ్యము వాడినను బయట, గాలి ఆడుచోట, చేతులకు తొడుగులు వేసికొని చేయవలెను.

బంకయంతయు పోయిన పిదప మఱియొక వింత కనబడును. స్టిక్కరు లేదు, బంక లేదు, అయినను అక్షరములు కనబడుచునే యుండును. ఏమి కారణము? నావ యంతయు ఎండకు వెలిసినది, స్టిక్కరు క్రింది భాగము వెలియలేదు. గడియారము తీసిన మణికట్టున తెల్లని చాఱ నిలిచినట్లు పాతపేరు నీడవలె నిలుచును. దీనిని పోగొట్టుటకు చుట్టునున్న వెలిసిన పొరను పాలిష్ ముద్దతో రుద్ది క్రొత్తరంగు పైకి తేవలెను. అది చాలనిచో వాటర్ పేపరు 1000 సంఖ్యగలదానితో, తరువాత 2000 సంఖ్యగలదానితో, నీరు పోయుచు తేలికగా రుద్ది, పిదప పాలిష్ చేయవలెను. నీరు పోయుట దుమ్ము లేవకుండుటకును అవసరమే. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. అయిదు కాగితముల మందము సంగతి ఇచ్చట మఱల జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. నీడ పూర్తిగా పోవువఱకు రుద్దెదనను పట్టుదలతో పొరనే పోగొట్టుకొన్నవారు కలరు. మసకగా మిగిలిన నీడవలన నావకు నష్టమేమియు లేదు.

క్రొత్త అక్షరములు వేయవలసినచో ముందు వాటిని వేసి, పిదప మైనము పూయవలెను. మైనము పూసినచోట స్టిక్కరు నిలువదు, రంగును పట్టదు.

చివరకు, తీసిన చెత్త మాట. మా జవహర్‌నగర్ పేరు వినగానే నగరవాసులకు చెత్తగుట్టలు జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు నగరపు చెత్త ఏండ్లకొలది మా యూరికి చేరినది. ఆ గుట్టలనుండి ఊరిన నల్లని రసము మల్కారం చెఱువును చెఱచినది. చెఱువు చెడుట అనగా ఏమో మాకు ఒకరు చెప్పనక్కఱ లేదు. కావున నావ పని చెఱువు గట్టున చేయకుడు. నీటికి దూరముగా పట్టా పఱచి, రాలిన ప్రతి తునుకను ఏఱుకొనుడు. వినైలు తునుకలను కాల్చకుడు. ఆ పొగ విషము. కిరసనాయిలు, థిన్నరు గుడ్డలను కుప్పగా మూటకట్టక, నిప్పుకు దూరముగా బయట ఆరబెట్టి, రంగుడబ్బాలు మొదలగు హానికర వ్యర్థములతో వేఱుగా సంచిలో పెట్టి చెత్తబండివారికి ఆ మాట చెప్పి ఇయ్యుడు. మిగిలిన ద్రవ్యమును నేలపై పారబోయక, మూత బిగించి మఱియొక పనికి దాచుకొనుడు. చేప బ్రతుకు నీటిలోనే మన బ్రతుకును ఉన్నది.

ఆ నావకు మాకు మూడు దినములు పట్టినది. మొదటి దినము కడుగుటకును పొరలు తీయుటకును, రెండవ దినము బంకకు, మూడవ దినము నీడకు. పాత వ్యాపారనామపు నీడ ఒక ప్రక్క కొంచెము మిగిలినది. ఇంకను రుద్దుదుమా అని కుఱ్ఱవాడు అడుగగా తండ్రి చాలుననెను. కాగితముల మార్పు పూర్తియగువఱకు వెనుకనున్న అంకెలను ముట్టలేదు. లోపలి చీటీ అంచులు లేచియుండెను. ఆ కుఱ్ఱవాడే దానిని సరిగా ఒత్తి, దానిపైన ఎఱ్ఱరంగుతో, దూరమునుండి కూడ చదువునట్లు పెద్ద తెలుగు అక్షరములలో, "ఆఱుగురికి మాత్రమే" అని వ్రాసెను.

మీ యూరి చెఱువులో నావ యున్నచో రేపు ఒకసారి పోయి చూడుడు. అట్టి వ్రాత ఉన్నదా లేదా కనుగొనుడు. లేనిచో పెద్దలైన మీరు నిలుచుండి వ్రాయింపుడు.

సెలవు.